వంటింటి బూచి ఎవరిది

మా ఇంట్లో నలుగురికీ కలిపి బుర్ర ఒకటే ఉండేదనీ, దాన్ని వంతులవారీగా వాడుకునేవాళ్ళమనీ, ఆ ఏడాది ఎవరి వంతూ రాలేదనీ నా నమ్మకం. లేకపోతే వంటింట్లో ఒక బూచి పుట్టి, పెరిగి, దూలానికి తల తగిలేంత అయ్యేదాకా అది ఎవరిదో కనిపెట్టలేకపోవడం ఏమిటి? ఆ ఆలస్యం మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది. ఇన్నేళ్ళ తరువాత తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

మద్రాసులో అప్పటి జార్జి టౌన్ ఎరగనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. డెబ్బైలలో మా వీధిలో మనుషుల భయాలకు ఒళ్ళు వచ్చేది. నోరు తెరిచి చెప్పుకోని భయం ఏదైనా సరే, కొన్నాళ్ళు లోపల నలిగి నలిగి, ఒక పొద్దున మంచం కిందనుంచో బియ్యం డబ్బా వెనకనుంచో కళ్ళు మిటకరిస్తూ బయటికి వచ్చేది. దాన్నే బూచి అనేవాళ్ళం. టి. నగర్ వైపు ఉండే మనవాళ్ళు వాటిని పరదా వెనక దాచి, వచ్చినవాళ్ళకు నవ్వుతూ కాఫీ ఇచ్చేవాళ్ళు. మా వైపు అంత నాగరికత లేదు. తోపుడు బండ్లు, మిరపకాయ బస్తాలు, సిటీ బస్సులు, వాటి సందుల్లో బూచులు. ఇంట్లో ఉన్నంతసేపు అవి ఎక్కడ పడితే అక్కడ పడుకునేవి. యజమాని గడప దాటితే మాత్రం లేచి వెంట నడిచేవి. వాటికి ఉన్న క్రమశిక్షణ అదొక్కటే.

మరి భయాన్ని చెప్పేసుకుంటే పోయేదానికి ఈ తంటా ఎందుకని అడగవచ్చు. నేనూ అడిగాను. చెడ్డమాట నోట రాకూడదట. పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారట, అందులోనూ దీపాలు పెట్టే వేళ. మనం ఏదంటే దానికి తథాస్తు అనేస్తారట. ఇది మా అవ్వ, అంటే మా నాయన తల్లి, రోజూ చెప్పే పాఠం. చెబితే జరుగుతుందని భయపడి ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. చెప్పకపోవడం వల్లే బూచి పుట్టేది. మొదటి ముక్క వీధి వీధంతటికీ కంఠతా వచ్చు. రెండో ముక్క ఒక్కరికీ ఎక్కేది కాదు.

అవ్వకు దొంగల భయం. ఆమె బూచి పందికొక్కంత ఉండేది, ఒంటినిండా చేతులే. పొద్దస్తమానం తలుపు గడియలు లాగి చూసేది, పెట్టెల మూతలెత్తి చూసేది. నిజం దొంగ కూడా అంత చప్పుడు చేయడు. నాయనది మిరపకాయల మండీ. గోడౌనుకు నిప్పంటుకుంటుందని ఆయన భయం. ఆయన బూచి దూడంత, ఎండిన ఒళ్ళు, కాలిన గోనె వాసన, ముట్టుకుంటే వెచ్చన. వానాకాలంలో అమ్మ దాని వీపు మీద బనియన్లు ఆరేసేది. నాది గుప్పెడంత. బొడ్లో తాళాల గుత్తి దోపుకుని, మా అవ్వ ముఖం పెట్టుకుని ఉండేది. నాకప్పుడు పదిహేడేళ్ళు, పి.యు.సి. చదువుతున్నాను. జీవితమంతా ఆ ఇంట్లోనే గడియలు సరిచూసుకుంటూ ముసలిదాన్నయిపోతానేమోనని నా దిగులు. అది నా పుస్తకాల సంచిలో కూర్చుని కాలేజీకి వచ్చేది. క్లాసులో ఆడపిల్లలు దాన్ని చూసి మీ అవ్వను ఎందుకు తెచ్చావని నవ్వేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది కాదు.

అమ్మకు బూచి లేదు. వీధిలో అది అందరికీ తెలిసిన సంగతి. తేలును పట్టకారుతో పట్టుకుని దొడ్డి గోడ అవతల పారేసే మనిషి. అందుకే దిష్టి తీయడానికి ఆమె చెయ్యి మంచిదని పేరు. అమావాస్య సాయంత్రం బూడిద గుమ్మడికాయకు పైన చిన్న చిల్లు కోసి, లోపల కుంకుమ నింపి, కర్పూరం వెలిగించి, మనిషిని తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టి చుట్టూ తిప్పేది. తరువాత నాయన ఆ కాయను నాలుగు దారుల మూల దాకా తీసుకుపోయి నేలకేసి కొట్టేవాడు. ఎవరి పేరు మీద తిప్పితే వాళ్ళ బూచి మరునాటికి సగానికి చిక్కిపోయేది. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు తమ పిల్లలను మా ఇంటికే తెచ్చేవాళ్ళు. అమ్మ గడప దాటవలసిన పనే ఉండేది కాదు. కూరగాయలు వాకిట్లోకి వచ్చేవి, నీళ్ళ పంపు దొడ్లోనే ఉండేది. అంతకుముందు శుక్రవారాలు గుడికైనా పోయేది. ఆ ఎండాకాలం నుంచి ఒంట్లో ఓపిక లేదని అదీ మానేసింది. మేము సరే అనుకున్నాం. మేము దేనికైనా సరే అనుకునేవాళ్ళం.

ఆ ఎండాకాలం చివరలోనే రుబ్బురోలు పక్కన కొత్త బూచి కనిపించింది. మొదట పిల్లి అంత. తడి బూడిద రంగు. ముఖం లేదు, అందువల్ల నోరూ లేదు, అరవడమూ లేదు. ఎడమ చెయ్యి ఎప్పుడూ పక్కకు అదిమిపెట్టుకుని ఒక మూల కూర్చునేది. గడియలు లాగదు, వాసన రాదు, సంచిలోకి దూరదు. ఆ సుగుణాలు చూసి మేము దాన్ని తేలిగ్గా తీసుకున్నాం. అది కొంచెం కొంచెం పెరిగి, అవ్వ కాలు దాని మీద పడి తూలినరోజు మాత్రం పంచాయతీ మొదలైంది.

"ఇది ఈ పాపదే," అన్నది అవ్వ. "సదువుకునే పిల్ల. పరీచ్చల భయం ఉండదా?"

"నాది నా సంచిలో ఉండాది అవ్వా. ఒక మనిషికి రెండుంటాయా?"

"ఏల ఉండవు? మీ తాతకి మూడుండె."

నాయన చేయి కడుక్కుంటూ తీర్పు చెప్పాడు. "అమ్మా, అది నీదే. దొంగల భయం ఒకటి చాలదని ఇంకోటి పెంచుకోనుంటావు."

"నాదేందిరా? నీ మండీలో సరుకు కదలడం లేదని నువ్వు నిద్రలో గొణుగుతా ఉండావు. నీదే ఇది."

"సుమ్మా ఉండండి ఇద్దరూ," అన్నాను నేను. అలా నోరు మూసుకోమన్నందుకు ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. మా ఇంట్లో ముగ్గురమూ ఎవరి భుజాలు వాళ్ళు కాక పక్కవాళ్ళ భుజాలు తడిమాం. నాలుగో మనిషి పొయ్యి దగ్గర దోసె తిరగేస్తూ ఉంది. ఆమె వైపు ఒక్కరం కూడా తల తిప్పలేదు. బూచి లేని మనిషిని బూచి గురించి ఏమడుగుతాం?

చివరికి వరసగా అందరికీ దిష్టి తీసేస్తే తేలిపోతుందని నాయన అన్నాడు. పెద్దది గనక మొదటి అమావాస్యకు అవ్వను పీట మీద కూర్చోబెట్టారు. అమ్మ తిప్పింది, నాయన కొట్టాడు. అవ్వ బూచికి సగం చేతులు ఊడిపోయి ఇల్లు కొంచెం నిమ్మళించింది. వంటింటిది మాత్రం మేకంత అయింది. తరువాతి అమావాస్య నాయనది. ఆయన బూచి చల్లబడింది, దాని మీద వేసిన బనియన్లు వారం రోజులు ఆరక కంపు కొట్టాయి. వంటింటిది ఎద్దంత అయింది. నాయన హాల్లో కూర్చుని తినడం మొదలుపెట్టాడు. నేను కాఫీ కలుపుకోవాలంటే దాని పొట్టకూ గోడకూ మధ్య పక్కగా జరుగుతూ పోవాలి. అటక మీది డబ్బాలు దించమని అమ్మ నన్ను పిలిచేది. బరువున్న గిన్నెలన్నీ కుడిచేత్తోనే ఎత్తేది. ఎందుకని అడగడానికి ఎవరికి తీరిక? మేమంతా బూచి ఎవరిదో వాదించుకోవడంలో ఉన్నాం.

మూడో అమావాస్య నా వంతు. కాలేజీ నుంచి అప్పుడే వచ్చాను, కడుపులో పేగులు అరుస్తున్నాయి, తలంటు పోసుకోమన్నారు. తడి జుట్టుతో పీట మీద కూర్చుని పళ్ళు నూరుకుంటున్నాను. అమ్మ ఒక్క చేత్తోనే కాయను తిప్పింది. లారీ ఆలస్యమై నాయన ఇంకా గోడౌను దగ్గరే ఉన్నాడు. కర్పూరం ఆరిపోయేలా ఉంది.

"నేనే పోయి కొట్టేసి వస్తా," అని అమ్మ కాయను పొట్టకు ఆనించుకుని గడప దాటింది.

వంటింట్లో కదలిక వినపడింది. ఆ బూచి లేచి నిలబడడం మేము ఎప్పుడూ చూసి ఉండలేదు. వంటింటి గుమ్మం దానికి చాలక, భుజం రాసుకుని సున్నం పెళ్ళలు రాలాయి. అవ్వ బూచి మంచం కిందికి దూరింది. అది అవ్వను దాటింది. నన్ను దాటింది. వీధి గడప దాటి, అమ్మ వెనక నడుచుకుంటూ పోయింది.

నేనూ అవ్వా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇన్ని నెలలు ఇంట్లో పెట్టుకుని, దాని యజమాని ఎవరో తెలుసుకోవడానికి నలుగురమూ ఒకరి తరువాత ఒకరు వీధిలోకి పోయి చూస్తే చాలునన్న ఆలోచన మాకు రాలేదు. ముగ్గురం రోజూ పోతూనే ఉన్నాం. అది ఎవరి వెంటా రాలేదు. మిగిలింది ఒక్క మనిషి. కూడికలు రాని పిల్లలకు కూడా తెలిసే లెక్క అది.

నేను పరుగెత్తేసరికి అమ్మ నాలుగు దారుల మూల నిలబడి ఉంది. కాయ పగలాలంటే రెండు చేతులతో తల పైకెత్తి కొట్టాలి. ఆమె ఎడమ చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. కాయ జారి కిందపడి, పగలకుండా దొర్లుకుంటూ ఒక తోపుడు బండి కిందికి పోయింది. వీధి అంతా ఆగి చూసింది. ఎవరికైనా అమ్మను చూడాలనిపించిందా? లేదు. పగలని కాయ నాలుగు దారుల్లో ఉంటే అరిష్టమని నలుగురు బండి కింద వెతకడం మొదలుపెట్టారు. ఎదురింటి ఆమె గడపలో నిలబడి, అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అన్నది. అన్ని సామెతలుండగా ఆవిడకు అదే గుర్తు రావాలా?

"ఇది నీదా అమ్మా?" అన్నాను.

"ఇంటికి పద. దీపాలు పెట్టే పొద్దయింది."

"దేని భయం నీకు?"

అవ్వ రొప్పుతూ వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఈడ వద్దు పాపా. లోపలికి పోయి మాట్లాడుకుందాం. పైన తిరుగుతా ఉంటారు."

"తిరగనీ అవ్వా. వాళ్ళకి గూడా తెలవనీ."

అమ్మ బండి కిందికే చూస్తూ ఉంది. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు మామూలుగా చెప్పింది. "రొమ్ములో గడ్డ ఉండాది. ఎండాకాలం నుంచి. ఇప్పుడు చంకలోకి గూడా వచ్చిండాది. మా అమ్మ ఇట్నే పోయింది."

చెప్పుకుంటే బూచి మాయమైపోతుందని నేను ఎవరికీ అబద్ధం చెప్పను. అది మాయం కాలేదు, చిక్కను కూడా చిక్కలేదు. పెరగడం ఆగింది, అంతే. దారికి అడ్డంగా చతికిలబడి కూర్చుంది. బస్సు డ్రైవరు హారన్ కొట్టి కొట్టి చివరికి ఇంజన్ ఆపేశాడు. మేము దాన్ని బతిమాలి ఇంటికి తెచ్చుకునేసరికి వీధి వీధంతా మమ్మల్ని తిట్టుకుంది.

నాయన వచ్చాక ఇంకో వంద మాటలు. ఆయన మొహం పాలిపోయింది, నిజమే. కాని నోరు తెరిచి ఏమన్నాడు? రేపు పాడ్యమి, ఆస్పత్రికి బయలుదేరడానికి మంచిది కాదు, విదియనాడు పోదాం అన్నాడు. అవ్వ తల ఊపింది.

"గడ్డకి పాడ్యమి తెలవదు నాయనా," అన్నాను. ఆయనతో ఆ గొంతుతో అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. "మీరు రాకపోతే నేను పిలుచుకోని పోతా."

పాడ్యమినాడే పోయాం. బస్సులు మా వెనక ఉన్నదాన్ని చూసి ఆగకుండా పోయాయి. ఆగిన ఒక్క బస్సులో కండక్టరు "ఇడం ఇల్లెమ్మా" అని, చోటు లేదంటూనే సగం ఖాళీగా ఉన్న బస్సుకు విజిల్ వేశాడు. పెద్దాసుపత్రికి నడిచే పోయాం. ముందు నాయన, ఆయన వెనక ఆయన దూడ, తరువాత అమ్మ, తన వెనక అంత జంతువు ఉందని ఎరగనట్టు కొంగు సర్దుకుంటూ. ఆమె అలా తల ఎత్తుకుని నడుస్తుంటే నాకు ఒకవైపు గర్వంగానూ, ఒకవైపు ఆ చెంప ఈ చెంప వాయించాలన్నట్టుగానూ ఉంది.

ఆస్పత్రి వరండా నిండా బూచులే. లేడీ డాక్టరు మన తెలుగు మనిషి, నెల్లూరు వైపు మాట. ఆమె అమ్మను పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, కిటికీ బయట కూర్చున్నదాన్ని చూసింది.

"ఇంత పెద్దదయ్యేదాకా ఇంట్లో ఎవురూ చూళ్ళేదా?"

"చూసినామమ్మా," అన్నాడు నాయన. "ఎవురిదో తెలవలేదు."

"అడగలేదా?"

"అందరం అడుక్కున్నాం."

డాక్టరు అమ్మ వైపు చూసింది.

"నన్ను అడగలేదు," అన్నది అమ్మ.

ఆ గదిలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. అడగని మా మీద వచ్చింది. అడిగితేనే చెబుదామని కూర్చున్న అమ్మ మీదా వచ్చింది. తేలును పట్టుకునే మనిషికి రెండు ముక్కలు చెప్పడానికి ఏమైంది? పొద్దున నడిచి వచ్చిన దారి పొడవునా అదే అడగాలనుకున్నాను. ఆమె ముఖం చూసి అడగలేకపోయాను. ఆలస్యమైంది, మరీ మించిపోలేదు, మాటైతే ఇవ్వలేను అని డాక్టరు చెప్పింది. ఆ వారంలోనే ఆపరేషన్ పెట్టారు.

ఆ రోజు అమ్మను లోపలికి తీసుకుపోయాక, ఆ బూచి తలుపు బయట మా పక్కనే కూర్చుంది. బూచులను లోపలికి రానివ్వరు. అవ్వ కూడా వచ్చింది. ఆమె బూచి వచ్చీ రాగానే ఆపరేషన్ గది గడియ లాగి చూడడం మొదలుపెట్టింది. ఆయా చీపురు తిరగేసింది. నాయన ఉన్నచోట ఉండకుండా క్యాంటీనుకు పోయి తినిరా అని నాకు పదేపదే చెబుతున్నాడు. ఆయనా తినలేదు. నేనూ అక్కడినుంచి కదల్లేదు.

మధ్యాహ్నం దాటాక తలుపు తెరిచి అమ్మను తోపుడు మంచం మీద బయటికి తెచ్చారు. కళ్ళు మూసుకుని ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి, ఊపిరి ఆడుతూ ఉంది. గడ్డంతా తీసేశామని డాక్టరు చెప్పింది. మంచాన్ని వార్డు వైపు తోసుకుపోయారు. బూచి లేవలేదు. యజమాని పోతూ ఉంటే కూర్చునే ఉన్న బూచిని నేను అంతవరకు చూడలేదు. ఇదేమి కొత్త మొండితనమని విసుక్కుంటూ నేను మంచం వెనక నడిచాను. అప్పుడు లేచింది. ఆగాను. ఆగింది. సంచిలో చూస్తే నా గుప్పెడంత బూచి లేదు.

అమ్మకు తెలివి వచ్చేసరికి వార్డులో దీపాలు వేస్తున్నారు. ఎడమవైపు అంతా కట్లు. తలుపులో పట్టక, అది వరండాలో కిటికీకి ఆనుకుని కూర్చుంది. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"అది నాది కాదు ఇప్పుడు," అన్నది. గొంతు పీలగా ఉంది. "నీదా?"

తల ఊపాను.

"దేని భయం?"

అవ్వ నా భుజం నొక్కింది. చుట్టూ దీపాలు పెట్టే వేళ, పక్క మంచాల్లో రోగులు.

"నువ్వు చచ్చిపోతావని," అన్నాను.

అవ్వ చెవులు మూసుకుంది. నాయన కిటికీ వైపు తిరిగాడు. అమ్మ కళ్ళు మూసుకుంది. మళ్ళీ నిద్రపోయిందేమో అనుకున్నాను.

"పోతాలే," అన్నది కళ్ళు తెరవకుండానే. "అందరం పోయేదే గదా. ఈ పూట కాదు. తిన్నావా?"

"లేదు."

"పోయి తిను. ఆకలేస్తే నీకు కోపం జాస్తి."

క్యాంటీనుకు పోయాను. అది నా వెనకే వచ్చి బల్ల పక్కన కూర్చుంది. మిగిలినవాళ్ళు తమ కుర్చీలు దూరంగా లాక్కున్నారు. దాన్ని చూస్తూ, ముక్కు తుడుచుకుంటూ, చల్లారిపోయిన ఇడ్లీలు తిన్నాను. అమ్మ చెప్పిన ఆ పూట రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అంతవరకు అది నన్ను వదలలేదు. అది ఇంకెవరిదో అని నేనూ ఎప్పుడూ అనలేదు.